కంప్యూటర్‌కి బారసాల: లైనక్స్‌లో హోస్ట్‌నేమ్‌ను సర్వీస్ ద్వారా మార్చే పద్ధతి

ఆమధ్య ఒక శిక్షణ కేంద్రంలో 24 కంప్యూటర్ల ల్యాబ్ చూసిపెట్టమంటే వెళ్లాను. రౌటర్ పేజీ తెరిచి కనెక్ట్ అయినవాటి జాబితా చూస్తే 24 వరుసల్లోనూ ఒకటే హోస్ట్‌నేమ్, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ని గుర్తుపట్టే పేరు: ఉబుంటు. ఒక డిస్క్‌ని సిద్ధం చేసి మిగతావాటికి క్లోన్ కొట్టేశారు. ఏ మెషీన్ నెట్‌ని తినేస్తోందో, ఏది వైరస్ పట్టిన పెన్‌డ్రైవ్‌ని నెత్తిన పెట్టుకుందో చెప్పే దారి లేదు. కేబుల్ పీకి చూడటమే. ఆ రెండు రోజులూ నేను చేసింది పేర్లు పెట్టడం, పెట్టిన పేరు నిలబడేలా చూడటం. మొదటిది పది నిమిషాల పని, మిగతా సమయమంతా రెండోదానికే పోయింది. ఈ వ్యాసం కూడా అందుకే ఇంత పొడుగైంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. ‘హోస్ట్‌నేమ్‌సీటీఎల్’ అంటే హోస్ట్‌నేమ్ అనే మాటకి ఖాళీ లేకుండా సీ, టీ, ఎల్ అక్షరాలు అతికించడం. ‘ఈటీసీ’ అంటే ఈ, టీ, సీ. ‘సిస్టమ్‌డీ’, ‘హోస్ట్‌నేమ్‌డీ’ల చివర ఉన్నది ఒక్క డీ అక్షరం. పెద్ద అక్షరాలు కావలసిన చోట విడిగా చెబుతాను.

ఒకే మెషీన్, మూడు పేర్లు

మన ఇళ్లలో ఒకే పిల్లాడికి పదో తరగతి సర్టిఫికెట్‌లో వెంకట సత్యనారాయణ అని ఉంటుంది, ఇంట్లో చిన్నా అంటారు, హాస్టల్‌కి వెళ్తే అక్కడివాళ్లు రూమ్ నంబరుతో పిలుస్తారు. లైనక్స్ మెషీన్‌ది కూడా ఇదే పరిస్థితి. ఇది అర్థమైతే సగం గందరగోళం పోతుంది.

సర్టిఫికెట్ పేరుని స్టాటిక్ హోస్ట్‌నేమ్ అంటారు. ఇది /ఈటీసీ/హోస్ట్‌నేమ్ అనే ఫైల్‌లో ఒక్క లైనుగా ఉంటుంది. మెషీన్ ఆన్ అయినప్పుడు సిస్టమ్ దీన్నే చదువుకుంటుంది.

హాస్టల్ పేరు ట్రాన్సియంట్ హోస్ట్‌నేమ్. స్టాటిక్ పేరు లేనప్పుడు నెట్‌వర్క్ నుంచి, ముఖ్యంగా మెషీన్లకి ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి వచ్చే తాత్కాలికమైన పేరు. కర్నెల్ (లైనక్స్ గుండెకాయ లాంటి భాగం) జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది, రీబూట్ చేస్తే పోతుంది.

ముద్దుపేరు ప్రెట్టీ హోస్ట్‌నేమ్. దీనికి నియమాలు దాదాపు లేవు. ఖాళీలు, కామాలు, తెలుగు అక్షరాలు ఏవైనా పెట్టొచ్చు. ఇది /ఈటీసీ/మెషీన్-ఇన్ఫో ఫైల్‌లో ఉంటుంది. మనుషులు చదవడానికే తప్ప నెట్‌వర్క్‌లో మెషీన్‌ని వెతకడానికి దీన్ని వాడరు.

ఇంటిపేరు కూడా ఉంది, అదే డొమైన్ నేమ్. మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది, నెట్‌వర్క్‌లో వెనక వస్తుంది, అంతే తేడా. హోస్ట్‌నేమ్‌లోనే చుక్కలు పెట్టి డొమైన్‌తో సహా రాయాలా, ఒక్క మాటే రాయాలా అన్నది పాత తగువు. సిస్టమ్‌డీ (బూట్ దగ్గర్నుంచీ లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపించే ప్రోగ్రాం) రాసినవాళ్ల సలహా చుక్కల్లేని ఒక్క మాటే. నేనూ అదే పాటిస్తాను.

ఫైల్ దిద్దితే సరిపోదా?

2010లో సిస్టమ్‌డీ మొదలవక ముందు డెబియన్‌లో పేరు /ఈటీసీ/హోస్ట్‌నేమ్‌లో ఉండేది, రెడ్‌హ్యాట్ కుటుంబంలో /ఈటీసీ/సిస్‌కాన్ఫిగ్/నెట్‌వర్క్ ఫైల్‌లో ఒక లైనుగా ఉండేది. రెడ్‌హ్యాట్ 6 మీద పని నేర్చుకున్నవాళ్లు 2014లో వచ్చిన 7లో అదే ఫైల్ దిద్ది, పేరు మారలేదేమిటని జుట్టు పీక్కున్నారు.

ఈ తేడాలన్నీ పోవడానికి సిస్టమ్‌డీ ఒక చిన్న సర్వీస్ పెట్టింది. దాని పేరు సిస్టమ్‌డీ-హోస్ట్‌నేమ్‌డీ. జనన మరణాల రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిది అనుకోండి. పేరు మార్చాలన్నా, పేరేమిటని అడగాలన్నా ఒకే కిటికీ.

ఫైల్ చేత్తో దిద్దితే రిజిస్టర్ మారుతుంది కానీ కర్నెల్‌కి ఆ సంగతి తెలియదు. రీబూట్ దాకా పాత పేరే నడుస్తుంది. పాత ‘హోస్ట్‌నేమ్’ కమాండ్‌తో మార్చితే దానికి తలకిందులు: కర్నెల్‌కి తెలుస్తుంది కానీ రిజిస్టర్‌లో ఎక్కదు, రీబూట్ అయితే మళ్లీ పాత కథ. సర్వీస్‌కి చెబితే అది ఫైల్‌లో రాస్తుంది, కర్నెల్‌కి చెబుతుంది, పేరు మారిందని వినాలనుకునే ప్రోగ్రాములన్నిటికీ డీ-బస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) మీద చాటింపు వేస్తుంది. గ్నోమ్ సెట్టింగ్స్, నెట్‌వర్క్‌మేనేజర్, బ్లూటూత్ సర్వీస్ ఈ కిటికీ దగ్గరికే వస్తాయి.

ఈ సర్వీస్ పిలిస్తే పలుకుతుంది, పని లేకపోతే కాసేపటికి తనే ఆగిపోతుంది. అందుకని దాని స్టేటస్ చూస్తే చాలాసార్లు ‘ఇనాక్టివ్, డెడ్’ అని వస్తుంది. దాన్ని చూసి సర్వీస్ చచ్చిపోయిందని టెన్షన్ పడి రీఇన్‌స్టాల్ చేసినవాళ్లని చూశాను. అది నిద్ర మాత్రమే. దీన్ని ఎనేబుల్ చేయాల్సిన పని కూడా లేదు. అదే స్టేటస్‌లో ‘స్టాటిక్’ అని ఒక మాట కనిపిస్తుంది. దానికీ స్టాటిక్ హోస్ట్‌నేమ్‌కీ చుట్టరికం లేదు. ఎనేబుల్ చేసే ఏర్పాటు ఆ యూనిట్‌కి అక్కర్లేదని దాని భావం.

ముందు ఉన్నది చూడండి

సర్వీస్‌తో మాట్లాడే కమాండ్ ఇది. వెనక ఏమీ రాయకుండా ఒక్కటే కొట్టండి:

హోస్ట్‌నేమ్‌సీటీఎల్

మొదటి లైనులో స్టాటిక్ పేరు వస్తుంది. ముద్దుపేరు పెట్టి ఉంటే దాని లైను కనిపిస్తుంది. కర్నెల్‌లో నడుస్తున్న పేరు స్టాటిక్ పేరుకి భిన్నంగా ఉంటేనే ట్రాన్సియంట్ లైను వస్తుంది. కాబట్టి ఆ లైను కనబడిందంటే ఎవరో మధ్యలో వేలు పెట్టారని గుర్తు. కింద మెషీన్ రకం, మెషీన్ ఐడీ, వర్చువల్ మెషీన్ అయితే ఆ వివరం, ఆపరేటింగ్ సిస్టమ్, కర్నెల్ వెర్షన్ ఉంటాయి. కొత్త వెర్షన్లలో తయారీదారు, మోడల్, ఫర్మ్‌వేర్ వివరాలు కూడా ఇస్తుంది.

ఆ మెషీన్ ఐడీని ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి. క్లోన్ చేసిన ల్యాబ్ అయితే తర్వాత పనికొస్తుంది.

‘బస్‌కి కనెక్ట్ కాలేకపోయాను’ అనో, ‘సిస్టమ్‌డీతో బూట్ కాలేదు’ అనో తప్పు వస్తే మీరు బహుశా డాకర్ కంటైనర్‌లో ఉన్నారు. అక్కడ రిజిస్ట్రార్ ఆఫీసే లేదు. కంటైనర్ మొదలుపెట్టేటప్పుడే ‘--హోస్ట్‌నేమ్’ ఆప్షన్‌తో పేరివ్వాలి. విండోస్‌లోనే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో అయితే /ఈటీసీ/డబ్ల్యూఎస్‌ఎల్.కాన్ఫ్ ఫైల్‌లో నెట్‌వర్క్ విభాగం కింద హోస్ట్‌నేమ్ లైను రాయాలి.

పేరు ఎంచుకోవడం

స్టాటిక్ పేరుకి నియమాలు కచ్చితమైనవి. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్. అండర్‌స్కోర్ వద్దు. హైఫన్‌తో మొదలవకూడదు, ముగియకూడదు. లైనక్స్‌లో గరిష్ఠంగా 64 అక్షరాలు, పేర్లని ఐపీ అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్‌లో చుక్కకీ చుక్కకీ మధ్య 63. అంకెతో మొదలయ్యే పేర్లు 1985 నాటి ఆర్‌ఎఫ్‌సీ 952 (ఇంటర్నెట్ నియమాల పత్రం) ప్రకారం చెల్లవు. 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1123 ఆ ఆంక్ష సడలించింది. అయినా అంకెతో మొదలుపెట్టకపోవడమే మేలు, ఎక్కడో ఒక పాత స్క్రిప్ట్ దాన్ని ఐపీ అడ్రస్ అనుకుంటుంది.

విండోస్ మెషీన్లతో ఫైల్ షేరింగ్ ఉంటే 15 అక్షరాలు దాటకండి. నెట్‌బయాస్ పేరుకి అంతే చోటుంది. మొదటి 15 అక్షరాలూ ఒకటే అయి చివర నంబరు మాత్రమే మారే పేర్లు పెట్టారంటే, ఆ నంబర్లు తెగిపోయి అన్నీ మళ్లీ ఒకటే పేరవుతాయి.

మనుషుల పేర్లు పెట్టకండి. రమేశ్ గారి కంప్యూటర్ అని పెట్టాక రమేశ్ గారు ఉద్యోగం మారతారు, కంప్యూటర్ మాత్రం అక్కడే ఉంటుంది. దేవుళ్ల పేర్ల మీద నాకు అభ్యంతరం లేదు కానీ ‘హనుమాన్ హ్యాంగ్ అయ్యాడు, ఫార్మాట్ కొట్టండి’ అని ఫోన్‌లో చెప్పాల్సి వస్తుందని గుర్తుంచుకోండి. చోటు, వరుస, నంబరు అన్నిటికంటే క్షేమం. నేను ల్యాబ్2-కిటికీ-03 లాంటివి పెట్టాను. తెలుగు మాటే, ఇంగ్లిష్ అక్షరాల్లో. కిటికీ వరుస, గోడ వరుస, తలుపు వరుస. పనిచేసే అటెండర్‌కి కూడా వెంటనే అర్థమైంది.

ఇక మార్చడం

సుడో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్ ల్యాబ్2-కిటికీ-03

ముందున్న ‘సుడో’ అంటే అడ్మిన్ హక్కుతో నడపమని. కొత్త వెర్షన్లలో ‘సెట్-’ అనేది తీసేసి ‘హోస్ట్‌నేమ్’ అని మాత్రం రాయమంటారు. పాత రూపం కూడా పనిచేస్తూనే ఉంది. పాత సర్వర్లు ఇంకా ఎన్నో నడుస్తున్నాయి కాబట్టి నేను పాతదే చెబుతున్నాను.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏ ఆప్షనూ ఇవ్వకుండా పై కమాండ్ కొడితే అది మూడు పేర్లనూ ముట్టుకుంటుంది. మీరిచ్చింది నియమాలకు సరిపోయే పేరైతే, వేరే ముద్దుపేరు ఎందుకులే అని పాత ముద్దుపేరుని చెరిపేస్తుంది. సరిపోని పేరైతే దాన్ని ఉన్నదున్నట్టు ముద్దుపేరుగా రాసి, చెల్లని అక్షరాలు తీసేసి మిగిలినదాన్ని స్టాటిక్ పేరు చేస్తుంది. అందుకని వరుస ముఖ్యం: ముందు స్టాటిక్, తర్వాత ముద్దుపేరు. తిరగేసి చేస్తే ముద్దుపేరు పోతుంది, ఎందుకు పోయిందో తెలియదు. ఒక్కదాన్నే మార్చాలనుకుంటే ‘--స్టాటిక్’, ‘--ప్రెట్టీ’, ‘--ట్రాన్సియంట్’లలో ఒకటి తగిలించండి.

ట్రాన్సియంట్‌ని చేత్తో మార్చాల్సిన అవసరం నాకు ఇంతవరకు రాలేదు. స్టాటిక్ పేరు ఉండగా దాన్ని మార్చబోతే, అది వాడకంలోకి రాదని కొత్త వెర్షన్లు మొహం మీదే చెప్పేస్తాయి.

తెలుగులో పేరు

ఇది నాకు ఇష్టమైన భాగం.

సుడో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్ --ప్రెట్టీ "ల్యాబ్ రెండు, కిటికీ పక్క మూడోది"

కొటేషన్ మార్కుల మధ్య ఉన్నదాన్ని నిజంగానే తెలుగు కీబోర్డుతో కొట్టండి. యూటీఎఫ్-8లో ఉన్న ఏ అక్షరాలైనా తీసుకుంటుంది. లైనక్స్‌లో బ్లూటూత్ నడిపే బ్లూజెడ్ ఈ ముద్దుపేరునే బయటికి చూపిస్తుంది. అంటే మీ ఫోన్‌లో బ్లూటూత్ జాబితా తెరిస్తే ‘అమ్మ ల్యాప్‌టాప్’ అని తెలుగులో కనిపిస్తుంది. మా ఇంట్లో అలాగే ఉంది. ఇంగ్లిష్ చదవడం రానివాళ్లు ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు, ఏది నొక్కాలో వాళ్లే చూసుకుంటారు.

‘--ప్రెట్టీ’ మాత్రం మరచిపోకండి. మరిచారంటే, చెల్లని అక్షరాలు తీసేసే ఆ పద్ధతి తెలుగు అక్షరాలన్నిటినీ రాల్చేస్తుంది. పేరు పూర్తిగా తెలుగైతే స్టాటిక్‌కి మిగిలే అక్షరాలే ఉండవు.

మరి ‘.భారత్’ అని తెలుగు లిపిలోనే డొమైన్ ఉంది కదా, అదెలా అంటారేమో. అడుగున అది కూడా ఇంగ్లిష్ అక్షరాలే. ఎక్స్, ఎన్, రెండు హైఫన్లతో మొదలయ్యే ఒక సంకేత రూపంలోకి తెలుగును మార్చి డీఎన్‌ఎస్‌కి ఇస్తారు. స్టాటిక్ హోస్ట్‌నేమ్‌కి ఆ మార్పిడి ఎవరూ చేసిపెట్టరు.

ముద్దుపేరు ఉండే మెషీన్-ఇన్ఫో ఫైల్‌లోనే ఉండే మరో మూడు వివరాలు తొందరగా చెప్పేస్తాను. ‘సెట్-లొకేషన్’ అంటే మెషీన్ ఉన్న చోటు, ఏ వాక్యమైనా రాయొచ్చు. ‘సెట్-ఛాసిస్’ అంటే రకం: డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, సర్వర్, ట్యాబ్లెట్, వీఎం, కంటైనర్ లాంటి నిర్ణీత మాటల్లో ఒకటి. మామూలుగా సర్వీసే కనిపెడుతుంది, అది పొరబడితేనే మీరు చెప్పాలి. ‘సెట్-డిప్లాయ్‌మెంట్’ అంటే ప్రొడక్షన్, స్టేజింగ్, డెవలప్‌మెంట్ వంటి మాట. అసలు సర్వర్‌ని టెస్ట్ సర్వర్ అనుకొని డేటా చెరిపేసే ప్రమాదం ఉన్న చోట దీన్ని పెట్టి, స్క్రిప్ట్ మొదట్లోనే తనిఖీ చేయడం మంచి అలవాటు.

హోస్ట్స్ ఫైల్: అందరూ జారే మెట్టు

పేరు మారింది. తర్వాత మొదటిసారి సుడో కొట్టగానే ‘హోస్ట్ పేరుని రిజాల్వ్ చేయలేకపోయాను’ అని ఒక గొణుగుడు వస్తుంది. కొన్నిసార్లు కొన్ని సెకన్లు ఆగి మరీ వస్తుంది. కారణం, మన సర్వీస్ /ఈటీసీ/హోస్ట్స్ ఫైల్ జోలికి వెళ్లదు. డెబియన్, ఉబుంటుల్లో ఆ ఫైల్‌లో 127.0.1.1 తో మొదలయ్యే లైను ఉంటుంది, దాని పక్కన ఇంకా పాత పేరే ఉంది.

సుడో నానో /ఈటీసీ/హోస్ట్స్

127.0.1.1 పక్కనున్న పాత పేరు తీసి కొత్తది రాయండి. డొమైన్ ఉంటే ముందు డొమైన్‌తో సహా పూర్తి పేరు, తర్వాత చిన్న పేరు. 127.0.0.1 లోకల్‌హోస్ట్ లైనుని కదపకండి.

ఫెడోరాలో ఈ గొడవ మామూలుగా రాదు. అక్కడ మైహోస్ట్‌నేమ్ అనే చిన్న మాడ్యూల్, ‘ఈ పేరు నాదే’ అని దానంతటదే జవాబు చెబుతుంది. అది ఉందో లేదో /ఈటీసీ/ఎన్‌ఎస్‌స్విచ్.కాన్ఫ్ ఫైల్‌లో హోస్ట్స్ అనే లైనులో తెలుస్తుంది.

పరీక్షించడానికి:

గెట్‌ఎంట్ హోస్ట్స్ ల్యాబ్2-కిటికీ-03

ఏదో ఒక ఐపీ అడ్రస్ వస్తే పని అయినట్టే. టెర్మినల్ ప్రాంప్ట్‌లో పాత పేరే కనిపిస్తుంటే కంగారు పడకండి, షెల్ మొదలైనప్పుడు చదువుకున్న పేరది. కొత్త టెర్మినల్ తెరిస్తే మారుతుంది.

రీబూట్ తర్వాత పాత పేరు మళ్లీ వస్తోందా?

దీనికి చాలావరకు ముగ్గురే అనుమానితులు.

క్లౌడ్ మెషీన్ అయితే మొదట క్లౌడ్-ఇనిట్‌ని పట్టుకోండి. అది బూట్ సమయంలో, క్లౌడ్ ఇచ్చిన వివరాల్లో ఉన్న పేరుని తెచ్చి పెట్టేస్తుంది. /ఈటీసీ/క్లౌడ్/క్లౌడ్.సీఎఫ్‌జీ ఫైల్‌లో ‘ప్రిజర్వ్_హోస్ట్‌నేమ్: ఫాల్స్’ అని ఉంటే దాన్ని ‘ట్రూ’ చేయండి. హోస్ట్స్ ఫైల్ కూడా ప్రతిసారీ పాతదైపోతుంటే, క్లౌడ్-ఇనిట్‌లో దాన్ని తిరగరాసే ‘మేనేజ్_ఈటీసీ_హోస్ట్స్’ అనే ఆప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి.

రెండోది డీహెచ్‌సీపీ. స్టాటిక్ పేరు ఖాళీగా ఉన్నా, లోకల్‌హోస్ట్ అని ఉన్నా నెట్‌వర్క్‌మేనేజర్ నెట్‌వర్క్ ఇచ్చిన పేరుని తీసుకుంటుంది. సరైన స్టాటిక్ పేరు పెట్టడమే అసలు మందు. అయినా మొండికేస్తే నెట్‌వర్క్‌మేనేజర్.కాన్ఫ్‌లో (ఎన్, ఎం పెద్ద అక్షరాలు) మెయిన్ విభాగం కింద ‘హోస్ట్‌నేమ్-మోడ్=నన్’ రాయండి. సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ వాడే సర్వర్లలో ఆ నెట్‌వర్క్ ఫైల్‌లోని డీహెచ్‌సీపీవీ4 విభాగంలో ‘యూజ్‌హోస్ట్‌నేమ్=నో’ అని రాయాలి. ఇక్కడ యూ, హెచ్ రెండూ పెద్ద అక్షరాలు. విభాగం పేరులో వీ తప్ప మిగతా అక్షరాలన్నీ పెద్దవే.

మూడో అనుమానితుడు మనిషే. ఎవరో ఎప్పుడో రాసిన స్టార్టప్ స్క్రిప్ట్ ఉంటుంది. /ఈటీసీ కింద పాత పేరుని గ్రెప్‌తో వెతకండి:

సుడో గ్రెప్ -ఆర్ పాతపేరు /ఈటీసీ

ఇది పేరు మార్చిన ప్రతిసారీ చేయదగ్గ పని. ఇక్కడ దొరికే ఫైళ్లను చూస్తే కొన్నిసార్లు నవ్వొస్తుంది, కొన్నిసార్లు గుండె జారుతుంది.

నేరుగా బస్‌తో మాట్లాడటం

ఇప్పటిదాకా వాడిన కమాండ్ ఒక గుమాస్తా లాంటిది. మనం చెప్పింది డీ-బస్ మీద సర్వీస్‌కి అందిస్తుంది, అంతే. మీరు సొంతంగా ఒక ప్రోగ్రాం రాస్తుంటే, లేదా సెట్టింగ్స్ తెర తయారుచేస్తుంటే, గుమాస్తా అవుట్‌పుట్‌ని ముక్కలు చేసి చదవడం కంటే నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లడమే మంచిది. ఆ అవుట్‌పుట్ మనుషుల కోసం, వెర్షన్ మారితే లైన్లూ మారతాయి.

సర్వీస్ చిరునామా: ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.హోస్ట్‌నేమ్1 (చివర ఒకటి అంకె). ఆబ్జెక్ట్ దారి: /ఆర్గ్/ఫ్రీడెస్క్‌టాప్/హోస్ట్‌నేమ్1. ఇంటర్‌ఫేస్ పేరు మళ్లీ చిరునామానే. లోపల ఏమున్నాయో చూడాలంటే:

బస్‌సీటీఎల్ ఇంట్రోస్పెక్ట్ ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.హోస్ట్‌నేమ్1 /ఆర్గ్/ఫ్రీడెస్క్‌టాప్/హోస్ట్‌నేమ్1

జాబితాలో ప్రాపర్టీలు, మెథడ్లు కనిపిస్తాయి. వీటి పేర్లలో ప్రతి మాట మొదటి అక్షరం పెద్దది, మధ్యలో ఖాళీలు ఉండవు: హోస్ట్‌నేమ్, స్టాటిక్‌హోస్ట్‌నేమ్, ప్రెట్టీహోస్ట్‌నేమ్, ఛాసిస్, లొకేషన్ వగైరా. హోస్ట్‌నేమ్ అన్నది ఒకే మాట కాబట్టి హెచ్ ఒక్కటే పెద్దది, ఎన్ చిన్నదే. ఇది తప్పు కొట్టి ‘అలాంటి ప్రాపర్టీ లేదు’ అనిపించుకోని వాళ్లు తక్కువ. ‘హోస్ట్‌నేమ్‌సోర్స్’ అనే ప్రాపర్టీ కొత్త వెర్షన్లలో ఉంటుంది. ఇప్పుడు నడుస్తున్న పేరు స్టాటిక్ నుంచి వచ్చిందా, ట్రాన్సియంటా, ఏదీ లేక డిఫాల్ట్ పెట్టుకుందా అని చెబుతుంది. పై విభాగంలో అనుమానితులను వెతికేటప్పుడు మొదట అడగాల్సింది దీన్నే.

ఒక ప్రాపర్టీ చదవడానికి ‘గెట్-ప్రాపర్టీ’ రాసి, చిరునామా, దారి, ఇంటర్‌ఫేస్, ప్రాపర్టీ పేరు వరుసగా ఇవ్వాలి. చదవడానికి సుడో అక్కర్లేదు. మార్చడానికి మాత్రం ప్రాపర్టీలోకి నేరుగా రాయలేరు, దాని మెథడ్‌ని పిలవాలి:

సుడో బస్‌సీటీఎల్ కాల్ ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.హోస్ట్‌నేమ్1 /ఆర్గ్/ఫ్రీడెస్క్‌టాప్/హోస్ట్‌నేమ్1 ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.హోస్ట్‌నేమ్1 సెట్‌స్టాటిక్‌హోస్ట్‌నేమ్ ఎస్‌బీ ల్యాబ్2-కిటికీ-03 ఫాల్స్

‘ఎస్‌బీ’ అంటే తర్వాత రెండు విలువలు వస్తాయని చెప్పడం: ఒక స్ట్రింగ్, ఒక బూలియన్. ఆ బూలియన్, అవసరమైతే మనిషిని పాస్‌వర్డ్ అడగొచ్చా అన్న ప్రశ్నకి జవాబు. తెర ముందు మనిషి ఉండే ప్రోగ్రాంలో ట్రూ, రాత్రి పూట తనంతట తాను నడిచే స్క్రిప్ట్‌లో ఫాల్స్.

అన్ని వివరాలూ ఒకేసారి కావాలంటే కొత్త వెర్షన్లలో ‘డిస్క్రైబ్’ అనే మెథడ్ మొత్తాన్ని జేసన్ రూపంలో ఇస్తుంది. టెర్మినల్ నుంచి అయితే హోస్ట్‌నేమ్‌సీటీఎల్‌కి ‘--జేసన్=ప్రెట్టీ’ తగిలిస్తే చాలు. ఈ ప్రెట్టీకి, ముద్దుపేరుకి సంబంధం లేదు. పేర్లు పెట్టే సర్వీస్‌కే పేర్ల కరువు వచ్చింది!

పేరు మారినప్పుడు మీ ప్రోగ్రాంకి తెలియాలంటే ప్రాపర్టీస్‌ఛేంజ్డ్ అనే సిగ్నల్‌ని వినండి. డీ-బస్ లేని చోట /ప్రాక్/సిస్/కర్నెల్/హోస్ట్‌నేమ్ ఫైల్ మీద పోల్ కాల్ పెట్టినా కర్నెల్ లేపుతుంది. నిమిషానికోసారి ఫైల్ చదివే లూప్ మాత్రం రాయకండి.

ఎవరికి హక్కు

హక్కుల సంగతి పోల్‌కిట్ చూసుకుంటుంది. డెస్క్‌టాప్‌లో మామూలు యూజర్ పేరు మార్చబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగే పెట్టె వస్తుంది. స్టాటిక్ పేరుకి ఒక అనుమతి, ట్రాన్సియంట్‌కి ఒకటి, ముద్దుపేరు, చోటు, రకం వంటివాటికి కలిపి మరొకటి. అందువల్ల ల్యాబ్ అసిస్టెంట్‌కి చోటు మార్చే హక్కు ఇచ్చి, అసలు పేరు మార్చే హక్కు ఇవ్వకుండా ఉంచొచ్చు. అలాంటి నియమాలు /ఈటీసీ/పోల్‌కిట్-1/రూల్స్.డీ ఫోల్డర్‌లో పెట్టాలి. హార్డ్‌వేర్ సీరియల్ నంబరు చదవడానికి కూడా విడిగా అనుమతి ఉంది. అది మెషీన్ గుర్తింపు కాబట్టి అందరికీ ఇవ్వరు.

పేరు మారాక అలిగేవి

సర్వర్ మీద చేసే ముందు ఈ భాగం రెండుసార్లు చదవండి.

మెసేజ్‌ల క్యూలు నడిపే రాబిట్‌ఎంక్యూ తన నోడ్ పేరులో హోస్ట్‌నేమ్‌ని కలుపుకుంటుంది, డేటా ఫోల్డర్‌కీ ఆ పేరే పెడుతుంది. పేరు మార్చి రీస్టార్ట్ చేస్తే కొత్త ఖాళీ నోడ్ లేస్తుంది, క్యూలన్నీ మాయమైనట్టు కనిపిస్తాయి. పాత ఫోల్డర్‌లో డేటా క్షేమంగానే ఉంటుంది, కానీ ఆ అయిదు నిమిషాలు ఎవరికీ వద్దు. చాలా మెషీన్లని ఒక క్లస్టర్‌గా కలిపి కంటైనర్లు నడిపే కుబర్నెటీస్‌లో నోడ్ పేరు మామూలుగా హోస్ట్‌నేమ్ నుంచే వస్తుంది. క్లస్టర్‌లో ఉన్న మెషీన్ పేరు మార్చకండి, బయటికి తీసి, మార్చి, మళ్లీ చేర్చండి. మెయిల్ సర్వర్ అయితే పోస్ట్‌ఫిక్స్‌లో మైహోస్ట్‌నేమ్ అనే లైను, రివర్స్ డీఎన్‌ఎస్ రెండూ సరిచూడండి. లేకపోతే మీ మెయిల్ అవతలివాళ్ల స్పామ్‌లో తేలుతుంది.

డెస్క్‌టాప్‌లో అలిగేది క్రోమ్. ప్రొఫైల్ తాళంలో హోస్ట్‌నేమ్ రాసుకుంటుంది కాబట్టి, అది తెరిచి ఉండగా పేరు మార్చితే తర్వాత ‘ఈ ప్రొఫైల్ వేరే కంప్యూటర్‌లో వాడుకలో ఉంది’ అనొచ్చు. ప్రొఫైల్ ఫోల్డర్‌లో సింగిల్‌టన్‌లాక్ అనే లింకుని తీసేస్తే తెరుచుకుంటుంది. అసలు పేరు మార్చే ముందు బ్రౌజర్ మూసేసి, మార్చాక లాగౌట్ అయి రావడం తేలిక. పాత ఎక్స్11 డెస్క్‌టాప్‌లలో కొత్త విండోలు తెరుచుకోకపోవడం కూడా ఇదే జాతి సమస్య, దానికీ లాగౌటే మందు.

ల్యాబ్ మొత్తానికి

ఒక్కో మెషీన్ దగ్గర కూర్చోనక్కర్లేదు. ‘-హెచ్’ ఆప్షన్ (ఇది పెద్ద హెచ్) ఇస్తే ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా అవతలి మెషీన్ సర్వీస్‌తో మాట్లాడుతుంది:

హోస్ట్‌నేమ్‌సీటీఎల్ -హెచ్ రూట్@192.168.1.41 సెట్-హోస్ట్‌నేమ్ ల్యాబ్2-గోడ-07

హోస్ట్స్ ఫైల్ మాత్రం ఈ దారిలో మారదని గుర్తుందిగా. అందుకని పదికి మించిన మెషీన్లుంటే, ఒకే చోటి నుంచి అన్నిటినీ దిద్దే యాన్సిబుల్ వాడండి. అందులో హోస్ట్‌నేమ్ అనే మాడ్యూల్ ఉంది, హోస్ట్స్ లైను దిద్దడానికి మరో టాస్క్ రాస్తే రెండూ కలిసి జరుగుతాయి. నేను మొదటి ఆరు చేత్తో చేశాను, ఏడోదానికి పేరు తప్పు కొట్టాక స్క్రిప్ట్ రాశాను.

ఇప్పుడు కాగితం మీద రాసుకున్న మెషీన్ ఐడీ తీయండి. రెండు మెషీన్లలో అదే ఐడీ కనిపిస్తే పేరు మార్చినా క్లోన్ వాసన పోలేదన్నమాట. సర్వర్ రకం ఉబుంటులో డీహెచ్‌సీపీకి చూపించే గుర్తింపు ఈ ఐడీ నుంచే పుడుతుంది. అందువల్ల రెండు క్లోన్లకి ఒకే ఐపీ వచ్చి, ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి. ఫైల్‌ని చెరిపేయకుండా లోపలున్నది మాత్రం ఖాళీ చేసి రీబూట్ చేయాలి:

సుడో ట్రంకేట్ -ఎస్ 0 /ఈటీసీ/మెషీన్-ఐడీ

బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్‌డీ కొత్త ఐడీ రాసుకుంటుంది. ఇకముందు క్లోన్ చేయబోయే మాస్టర్ డిస్క్‌లో ఈ ఫైల్‌ని ఖాళీగా వదిలి, షట్‌డౌన్ చేసి, అప్పుడు క్లోన్ తీస్తే ఈ పనే ఉండదు.

అంతా అయ్యాక రౌటర్ పేజీ తెరిస్తే నాకు ఇంకా సగం మెషీన్లు ఉబుంటు అనే చూపించాయి. అవి పాత లీజులు, అంటే డీహెచ్‌సీపీ ఇదివరకు చేసిన అడ్రస్ కేటాయింపులు. మెషీన్ మళ్లీ కనెక్ట్ అయినప్పుడే కొత్త పేరు రౌటర్‌కి చేరుతుంది. ల్యాబ్ మెయిన్ స్విచ్ ఆపి, టీ తాగొచ్చి, మళ్లీ వేశాం. ఈసారి 23 పేర్లు సరిగ్గా వచ్చాయి. తలుపు-05 మాత్రం రాలేదు. వెళ్లి చూస్తే దాని కేబుల్ మొదటి రోజు నేనే పీకి, పెట్టడం మరిచిపోయాను.